40 సర్వర్లు, ఒక్కరే అడ్మిన్: అప్‌డేట్లంటే భయం పోయేదెలా?

ప్రశ్న: మా సంస్థలో దాదాపు 40 సర్వర్లున్నాయి. ఎక్కువ భాగం డెబియన్ 12, ఉబుంటు. కొన్ని రాకీ లినక్స్ 9. ఫైర్‌వాల్ పనికి రెండు ఫ్రీబీఎస్‌డీ 14 మెషీన్లు. ఇంకా మూడు పాత సెంటాస్ 7 మెషీన్లు మిగిలాయి. అన్నీ చూసుకునేది నేనొక్కడినే. ఇన్నాళ్లూ ఒక్కోదానిలోకి లాగిన్ అయి అప్‌డేట్ చేస్తూ వచ్చాను. ఆర్నెల్ల కిందట పని వేళల్లో అప్‌డేట్ ఇస్తే డేటాబేస్ రీస్టార్టయి అందరి పనీ ఆగిపోయింది. అప్పట్నుంచి ముట్టుకోవాలంటేనే టెన్షన్. ఇప్పుడు ఆడిట్‌వాళ్లు స్కాన్ చేసి పెద్ద లిస్టు చేతిలో పెట్టారు. అంతా ఆటోమేటిక్‌గా పెట్టేయమని ఒక మిత్రుడు అంటున్నాడు. నడుస్తున్నదాన్ని కదిలించొద్దని మేనేజర్ గారు అంటున్నారు. ఏ టూల్ వాడాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం: ముందు ఆ డేటాబేస్ సంగతి చూద్దాం. ఆ రోజు ఏదో పాడైపోయి అది ఆగలేదు. డెబియన్, ఉబుంటుల్లో ఒక సర్వీసు ప్యాకేజీకి కొత్త వెర్షన్ ఎక్కిందంటే, ఆ ఇన్‌స్టాల్‌లోనే సర్వీసు రీస్టార్ట్ అవడం మామూలే. మీరు అన్నిటికీ కలిపి ఒకే కమాండ్ ఇచ్చారు, ఆ గుంపులో డేటాబేస్ కూడా ఉంది. అంతే జరిగింది. ఆ రెండింటిలో ప్యాకేజీలు ఎక్కించే టూల్ ఆప్ట్. దానిలో సిమ్యులేట్ ఆప్షన్ ఒకటుంది. అది దేన్నీ మార్చదు, ఏమేం మార్చబోతోందో మాత్రం చూపిస్తుంది. ఆ లిస్టులో డేటాబేస్ పేరు కనబడగానే ఆప్ట్-మార్క్ హోల్డ్‌తో దాన్నొక్కదాన్నీ ఆపి, మిగతావి చేసి, దీని పని రాత్రికి పెట్టుకోవచ్చు. రాకీలో ప్యాకేజీల టూల్ డీఎన్‌ఎఫ్, ఇదే పనికి దానికి వెర్షన్‌లాక్ ప్లగిన్ ఉంది. హోల్డ్ పెట్టినవి మర్చిపోవడం చాలా సులువు కాబట్టి, ఏవేవి ఆపి ఉంచారో నెలకోసారి షోహోల్డ్‌తో చూసుకోండి. మర్చిపోయిన హోల్డ్ అంటే ఆ ప్యాకేజీకి సెక్యూరిటీ ప్యాచ్‌లు కూడా రావని అర్థం.

నన్ను కలవరపెట్టేది ఆ రోజు జరిగినదానికంటే ఆ తర్వాతి ఆర్నెల్లు. వారానికోసారి చేస్తుంటే ఒక సర్వర్‌లో మారేవి ఏ అయిదో పదో ప్యాకేజీలు. ఏదైనా తేడా వస్తే ఆ పదింట్లో వెతికితే సరిపోతుంది. ఆర్నెల్ల బకాయి తీర్చడానికి కూర్చుంటే కెర్నల్, సీ లైబ్రరీ, ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్, పైథాన్ అన్నీ ఒకేసారి మారతాయి. అప్పుడు అప్లికేషన్ లేవకపోతే దేనివల్లో చెప్పడం ఎవరి తరమూ కాదు. అది చూసి మళ్లీ భయం, మళ్లీ వాయిదా. మేనేజర్ గారు చెప్పినట్టు ముట్టుకోకుండా ఉంచినా రిస్క్ తగ్గలేదు, పోగుపడుతూ వచ్చింది. కాబట్టి మీరు ఏ టూల్ ఎంచుకున్నా అది అప్‌డేట్లను చిన్నవిగా, తరచుగా చేయడానికే పనికిరావాలి. ఆరు నెలలకోసారి పెద్ద ఎత్తున చేయడానికైతే ఏ టూలూ మిమ్మల్ని కాపాడదు.

మొదటి పని ఒక పట్టిక. ప్రతి సర్వర్‌కూ పేరు, ఓఎస్ వెర్షన్, అక్కడ ఏం నడుస్తోంది, అది ఆగితే ముందుగా ఎవరికి తెలుస్తుంది, ఏ వేళలో రీస్టార్ట్ చేయొచ్చు, దాని పని చేసే జత సర్వర్ ఇంకోటి ఉందా? మొదటి రెండూ స్క్రిప్ట్‌తో లాగొచ్చు. తర్వాతివి మనుషుల్ని అడిగి రాసుకోవాల్సిందే. ఇలా అడుగుతూ పోతే ఎవరూ వాడని సర్వర్లు ఒకటో రెండో బయటపడటం కూడా మామూలే. వాటిని బ్యాకప్ తీసి ఆపేస్తే అప్‌డేట్ చేయాల్సిన లెక్క అక్కడికి తగ్గుతుంది.

పట్టిక చేతికొచ్చాక సర్వర్లను మూడు గుంపులు చేయండి. మొదటి గుంపులో టెస్ట్ మెషీన్లు, మీరు సొంతంగా వాడుకునేవి, ఆగినా ఎవరికీ నొప్పి తగలనివి. ఇక్కడ ఒకటి తప్పకుండా చూడండి: మీ దగ్గర ఉన్న ప్రతి ఓఎస్ వెర్షన్‌కూ ఈ గుంపులో కనీసం ఒక ప్రతినిధి ఉండాలి. మొదటి గుంపులో ఉన్నవన్నీ ఉబుంటు అయితే, రాకీకి వచ్చిన ప్యాచ్ సంగతి మీకు ప్రొడక్షన్‌లోనే తెలుస్తుంది. రెండో గుంపులో జతలుగా ఉన్న సర్వర్లలో ఒక్కొక్కటి. మూడో గుంపులో మిగిలిన జతలు, డేటాబేస్‌లు, ఫైర్‌వాళ్లు. గుంపుకీ గుంపుకీ మధ్య రెండు మూడు రోజుల ఎడం ఉంచండి.

ఈ ఎడం ఎందుకో రెండు సంఘటనలు చెబుతాను. 2020 జూలై చివర్లో గ్రబ్ బూట్‌లోడర్‌లో బయటపడ్డ బూట్‌హోల్ అనే లోపానికి రెడ్‌హ్యాట్ ప్యాచ్‌లు ఇచ్చింది. అవి వేసి రీబూట్ చేసిన ఆర్‌హెచ్‌ఈఎల్ (రెడ్‌హ్యాట్ సొంత లినక్స్), సెంటాస్ మెషీన్లు చాలాచోట్ల మళ్లీ బూట్ కాలేదు. షిమ్ అనే ప్యాకేజీలో వచ్చిన తప్పు అది. తర్వాత 2023 డిసెంబర్‌లో డెబియన్ 12.3 విడుదల కావాల్సిన సమయంలో, అందులోని 6.1.64-1 కెర్నల్ ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌లో డేటాను పాడుచేసే అవకాశం ఉందని తేలింది. డెబియన్‌వాళ్లు ఆ విడుదలను ఆపి, సరిచేసిన కెర్నల్‌తో మరునాడే 12.4 ఇచ్చారు. రెండు సందర్భాల్లోనూ రెండు మూడు రోజులు ఆగినవాళ్లకు ఏమీ కాలేదు. ఒకే రాత్రి అన్ని సర్వర్లకూ వేసి రీబూట్ చేసినవాళ్ల పరిస్థితి వేరు. మీ మిత్రుడి సలహాలో నాకు నచ్చనిది ఆటోమేటిక్ అన్న మాట కాదు, ‘అంతా’ అన్న మాట.

ఆటోమేటిక్ మంచిదే, ఎక్కడ పెట్టాలో తెలిస్తే. డెబియన్, ఉబుంటుల్లో అన్‌అటెండెడ్ అప్‌గ్రేడ్స్ ఉంది. దాన్ని సెక్యూరిటీ ప్యాచ్‌లు వచ్చే రెపోకే (ప్యాకేజీల నిల్వకే) పరిమితం చేసి మొదటి గుంపులోనూ, లోడ్ బ్యాలెన్సర్ (పనిని పలు సర్వర్లకు పంచేది) వెనక ఉండే వెబ్ సర్వర్లలోనూ నిశ్చింతగా వదిలేయొచ్చు. బ్లాక్‌లిస్ట్‌లో డేటాబేస్ ప్యాకేజీల పేర్లు రాయండి. ఆటోమేటిక్ రీబూట్ ఆపి ఉంచండి. మెయిల్ వచ్చేలా పెట్టండి, వచ్చిన మెయిల్ చదవండి. ఎందుకంటే, మీరు చేతితో మార్చిన కాన్ఫిగ్ ఫైల్‌కు కొత్త ప్యాకేజీలోనూ మార్పు ఉంటే ఇది ఆ ప్యాకేజీని పక్కన పెట్టి మిగతావి చేసుకుపోతుంది. అంతా అప్‌డేట్ అయిందని మీరనుకుంటారు, ఆ ఒక్కటి మాత్రం నెలల తరబడి పాతదే ఉండిపోతుంది. రాకీలో డీఎన్‌ఎఫ్ ఆటోమేటిక్ ఉంది. కాన్ఫిగ్‌లో అప్లై అప్‌డేట్స్‌కు యెస్ (yes) అని రాయకపోతే అది మామూలుగా డౌన్‌లోడ్ చేసి ఊరుకుంటుంది. పెట్టేశాం కదా అని వదిలేయకుండా వారం తర్వాత ఒకసారి నిజంగా ఇన్‌స్టాల్ అవుతున్నాయో లేదో చూడండి.

ఇక టూల్. మీ సైజుకు, ఒకేచోటి నుంచి చాలా సర్వర్లకు పనులు చెప్పే అన్సిబుల్ చాలు. దానికి సర్వర్ల మీద ఏజెంట్ అక్కర్లేదు, ఎస్‌ఎస్‌హెచ్, పైథాన్ ఉంటే నడుస్తుంది. ఆప్ట్‌కూ డీఎన్‌ఎఫ్‌కూ ఫ్రీబీఎస్‌డీ పీకేజీకీ విడివిడి మాడ్యూల్స్ ఉన్నాయి. నేనైతే దాన్ని ఎంచుకునేది సీరియల్ అనే ఒక్క సెట్టింగ్ కోసం. ముందు 1 సర్వర్, తర్వాత 5, ఆ తర్వాత మిగతావి అని రాయొచ్చు. మొదటిదే ఫెయిలైతే అక్కడితో ఆగిపోతుంది, రెండోదాని జోలికి పోదు. ఒక ఫైల్లో సర్వర్ల పేర్లు రాసుకుని షెల్ లూప్‌తో ఎస్‌ఎస్‌హెచ్ చేసే స్క్రిప్ట్‌కు ఈ ఆగే గుణం ఉండదు. అది తప్పును కూడా అదే వేగంతో నలభై చోట్లకు మోసుకుపోతుంది. ప్లేబుక్‌లో (అన్సిబుల్ చేయాల్సిన పనులు రాసే ఫైల్) అప్‌డేట్ తర్వాత ఒక చెక్ తప్పకుండా పెట్టండి. వెబ్ సర్వర్ అయితే పేజీ తెరిచి 200 (అంతా సరే అన్న జవాబు) వస్తోందా, డేటాబేస్ అయితే ఒక చిన్న క్వెరీ పలుకుతోందా అని. ప్యాకేజీ ఎక్కింది కాబట్టి సర్వీసు బాగుందని అనుకోవద్దు.

చేతితో చేసేటప్పుడు మాత్రం, కనెక్షన్ తెగినా పని ఆగనివ్వని టీమక్స్ లేదా స్క్రీన్‌లో చేయండి. ఆప్ట్ వెనక ప్యాకేజీలు ఎక్కించే డీపీకేజీ సగంలో ఉండగా ఎస్‌ఎస్‌హెచ్ తెగితే ప్యాకేజీలు సగం కాన్ఫిగర్ అయి మిగిలిపోతాయి. అలా జరిగితే డీపీకేజీకి కాన్ఫిగర్ ఆల్ అని చెప్పి పూర్తి చేయించుకోవచ్చు. లాక్ ఫైల్ తీసేయడం మాత్రం సరైన మందు కాదు. మొదలుపెట్టే ముందు బూట్ పార్టిషన్‌లో ఖాళీ ఉందో లేదో చూడండి. పాత కెర్నళ్లతో అది నిండిపోయి కొత్త కెర్నల్ సగంలో ఆగడం తరచూ జరిగేదే.

చాలామంది అడ్మిన్లు పొరబడే చోటు ఒకటుంది. దాని దగ్గర కాస్త నిలబడదాం. డిస్క్ మీద కొత్త వెర్షన్ ఎక్కినంత మాత్రాన మెమరీలో నడిచేది కొత్తది కాదు. 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో హార్ట్‌బ్లీడ్ బయటపడ్డప్పుడు లైబ్రరీని వెంటనే అప్‌డేట్ చేసి హమ్మయ్య అనుకుంటే సరిపోలేదు. యూనిక్స్‌లో ఒక ప్రాసెస్ ఒక ఫైల్‌ను తెరిచి ఉంచితే, ఆ ఫైల్‌ను డిస్క్ మీద నుంచి తీసేసినా ఆ ప్రాసెస్‌కు మాత్రం పాతదే అందుతూ ఉంటుంది. లైబ్రరీ అప్‌డేట్‌కు ముందే మొదలైన వెబ్ సర్వర్, మెయిల్ సర్వర్, వీపీఎన్ అన్నీ రీస్టార్ట్ చేసేదాకా ఆ లోపమున్న కోడ్‌నే నడుపుతాయి. ప్యాకేజీ లిస్టు చూస్తే కొత్త వెర్షనే కనిపిస్తుంది, లోపం మాత్రం అలాగే ఉంటుంది.

దీన్ని కనిపెట్టడం కష్టం కాదు. ఎల్‌ఎస్‌ఓఎఫ్ ఇస్తే ఇలాంటి ఫైళ్ల పక్కన డెల్ అనో డిలీటెడ్ అనో కనిపిస్తుంది. అంతకంటే సులువుగా డెబియన్, ఉబుంటుల్లో నీడ్‌రీస్టార్ట్, రాకీలో నీడ్స్-రీస్టార్టింగ్ ఏ సర్వీసులు పాత లైబ్రరీతో నడుస్తున్నాయో పేర్లతో సహా చెబుతాయి. మొత్తం మెషీన్‌ను రీబూట్ చేయాలా వద్దా అనేది రెండోదాన్ని ఆర్ ఆప్షన్‌తో అడగొచ్చు. ఉబుంటులో వార్ రన్ కింద రీబూట్-రిక్వైర్డ్ అనే ఫైల్ ఉందంటే రీబూట్ బాకీ ఉందని అర్థం. మీరు నెలనెలా తయారుచేసే రిపోర్టులో ‘ఇన్‌స్టాల్ అయిన కెర్నల్’, ‘నడుస్తున్న కెర్నల్’ అని రెండు కాలమ్‌లు పక్కపక్కన పెట్టండి. రెండూ వేరుగా ఉన్న సర్వర్లే మీ అసలు బకాయి.

రీబూట్ మాట వచ్చింది కాబట్టి ఒక అలవాటు చెబుతాను. ఆర్నెల్లుగా రీబూట్ కాని సర్వర్‌కు అప్‌డేట్ చేసే ముందు, అప్‌డేట్ లేకుండానే ఒకసారి రీబూట్ చేయండి. ఈ ఆర్నెల్లలో ఎవరో చేతితో మౌంట్ చేసి ఎఫ్‌స్టాబ్‌లో (బూట్‌లో మౌంట్ కావాల్సిన డిస్కుల జాబితా) రాయని డిస్క్ ఉండొచ్చు. చేతితో స్టార్ట్ చేసి ఎనేబుల్ చేయడం మర్చిపోయిన సర్వీసు ఉండొచ్చు. కమాండ్‌తో పెట్టి సేవ్ చేయని నెట్‌వర్క్ రూట్ ఉండొచ్చు. ఇవన్నీ రీబూట్‌తో బయటపడతాయి. అప్‌డేట్, రీబూట్ కలిపి చేస్తే నెపమంతా అప్‌డేట్ మీదకు పోతుంది, మీరు గంటల తరబడి తప్పు చోట వెతుకుతారు. ముందే విడిగా రీబూట్ చేస్తే ఏ తప్పు ఎక్కడిదో తేలిపోతుంది. మీ ప్రస్తుత పరిస్థితిలో ఇది మొదటి గుంపు నుంచే పాటించమని గట్టిగా చెబుతున్నాను.

ఇప్పుడు ఆ ఆడిట్ లిస్టు. అంత పొడుగు చూసి కంగారు పడకండి. చాలా స్కానర్లు వెర్షన్ నంబర్ చూసి తీర్పు చెబుతాయి. డిస్ట్రిబ్యూషన్లు మాత్రం స్టేబుల్ విడుదలలో వెర్షన్ మార్చకుండా, ఆ లోపానికి సంబంధించిన ప్యాచ్‌ను మాత్రమే పాత వెర్షన్‌లోకి తెచ్చి కలుపుతాయి. 2024 జూలై 1న వెలుగులోకి వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ లోపం సీవీఈ-2024-6387ను (సీవీఈ అంటే లోపాలకిచ్చే గుర్తింపు నంబర్) చూడండి. అసలు ప్రాజెక్టు దాన్ని 9.8పీ1లో సరిచేసింది. మీ డెబియన్ 12లో ఉండేది 9.2పీ1. స్కానర్ కంటికి అది పాతది, ప్రమాదకరం. కానీ డెబియన్ ఆ ప్యాచ్‌ను 9.2పీ1-2+డెబ్12యూ3లోనే కలిపేసింది. అంటే చివర్లో ఉన్న ఆ యూ3 లేదా అంతకంటే పెద్ద అంకె ఉంటే ఈ లోపం నుంచి మీరు భద్రంగా ఉన్నట్టే. డెబియన్ సెక్యూరిటీ ట్రాకర్‌లో సీవీఈ నంబర్ కొడితే ఏ విడుదలలో ఏ వెర్షన్‌తో సరిచేశారో కనిపిస్తుంది. రాకీలో ఆర్‌పీఎమ్‌ను ఛేంజ్‌లాగ్ అడిగి అందులో సీవీఈ నంబర్ కోసం వెతకండి. ఆ లిస్టును ఇలా ఒక్కో వరుసా జల్లెడ పడితే నిజంగా చేయాల్సినవి మిగులుతాయి, మిగతావాటికి ఆధారంతో జవాబు రాయొచ్చు.

ఆడిట్‌వాళ్లను తృప్తిపరచడానికి కొత్త వెర్షన్‌ను సోర్స్ నుంచి కంపైల్ చేసి యూఎస్‌ఆర్ లోకల్‌లో పెట్టాలన్న ఆలోచన మాత్రం రానీయకండి. ఆ రోజుకు స్కాన్ రిపోర్ట్ శుభ్రంగా వస్తుంది. రేపు అందులో కొత్త లోపం బయటపడితే మీ ప్యాకేజీ మేనేజర్‌కు అది ఉందన్న సంగతే తెలియదు. పైగా అన్నిటికంటే కొత్త వెర్షన్ అన్నిటికంటే భద్రమని కూడా కాదు. 2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో కావాలని పెట్టిన బ్యాక్‌డోర్ ఉందని ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజినీర్ బయటపెట్టారు. అది అప్పటికి డెబియన్ టెస్టింగ్, అన్‌స్టేబుల్, ఫెడోరా రాహైడ్ లాంటి వాటిలోకి చేరింది కానీ డెబియన్ స్టేబుల్‌లోకి రాలేదు. స్టేబుల్ విడుదల మీద ఉండి, దాని సెక్యూరిటీ ప్యాచ్‌లు వెంటవెంటనే తీసుకోవడమే సర్వర్లకు సరైన దారి.

ఇంకో చిక్కు మీకు రెండో నెలలోనో మూడో నెలలోనో ఎదురవుతుంది. సోమవారం మొదటి గుంపు మీద పరీక్షించినవే శుక్రవారం మూడో గుంపుకు వెళ్తాయని హామీ లేదు. మధ్యలో రెపోలో ఇంకేదో చేరి ఉండొచ్చు. అప్పుడు ప్రొడక్షన్‌కు వెళ్లేది మీరు పరీక్షించనిదే. దీనికి మందు సొంత మిర్రర్ (రెపోకు మీ దగ్గరుండే నకలు), దానికి తేదీలవారీ స్నాప్‌షాట్లు. డెబియన్, ఉబుంటులకు ఆప్ట్‌లీ, రాకీకి పల్ప్ ఈ పని చేస్తాయి. సోమవారం తీసిన స్నాప్‌షాట్‌నే మూడు గుంపులకూ వరుసగా చూపిస్తారు. ఆప్ట్-క్యాషర్ లాంటివి డౌన్‌లోడ్ భారం తగ్గిస్తాయి కానీ రెపోను ఆ తేదీ దగ్గర ఆపి ఉంచవు, రెండిటినీ కలగలపొద్దు. అయితే ఇది మొదటి నెలలోనే మొదలుపెట్టమని చెప్పను. మిర్రర్‌ను చూసుకోవడం కూడా ఒక పనే, దానికి డిస్క్ కావాలి, ఒక క్రమం కావాలి. ముందు మూడు గుంపుల పద్ధతి ఒంటబట్టనివ్వండి.

వెనక్కి తిరిగే దారి గురించి మీరు అడగలేదు, కానీ మీ టెన్షన్‌లో సగం అదే అయి ఉంటుంది. డీఎన్‌ఎఫ్‌లో హిస్టరీ అన్‌డూ ఉంది, పాత వెర్షన్ ఇంకా రెపోలో దొరికితే పనిచేస్తుంది. మీ డెబియన్ 12లో ఆప్ట్‌కు అలాంటి కమాండ్ లేదు. వార్ లాగ్ ఆప్ట్ కింద హిస్టరీ లాగ్‌లో ఏది ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కు మారిందో ఉంటుంది, దాన్ని చూసి చేతితో దించుకోవాలి. వర్చువల్ మెషీన్లయితే అప్‌డేట్‌కు ముందు స్నాప్‌షాట్ తీయండి, రెండు మూడు రోజుల్లో తీసేయండి. డేటాబేస్‌కు మాత్రం స్నాప్‌షాట్‌ను నమ్ముకుని ధైర్యంగా ఉండకండి. వెనక్కి వెళ్లారంటే అప్‌డేట్ తర్వాత జనం నమోదు చేసినదంతా పోతుంది. దానికి బ్యాకప్ వేరే ఉండాలి, ఆ బ్యాకప్ నుంచి ఒకసారైనా రీస్టోర్ చేసి చూసి ఉండాలి.

ఫ్రీబీఎస్‌డీ మెషీన్ల విషయంలో ఒకటే జాగ్రత్త. అక్కడ పీకేజీ అప్‌గ్రేడ్ చేస్తే పైన వేసుకున్న సాఫ్ట్‌వేర్ మాత్రమే మారుతుంది. 14లో మామూలుగా కెర్నల్, బేస్ సిస్టమ్ ప్యాచ్‌లకు ఫ్రీబీఎస్‌డీ-అప్‌డేట్ విడిగా నడపాలి. ఫైర్‌వాల్ కాబట్టి ఈ రెండోదే ముఖ్యం. జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ మీద ఉంటే బీఈసీటీఎల్ కమాండ్‌తో ముందు ఒక బూట్ ఎన్విరాన్‌మెంట్ (ఉన్న సిస్టమ్‌కు బూట్ చేయగల నకలు) చేసి ఉంచుకోండి. తేడా వస్తే బూట్ మెనూలోంచి పాతదానిలోకి వెళ్లిపోవచ్చు. ఈ సౌకర్యం లినక్స్ సర్వర్లలో అంత సులువుగా దొరకదు.

అత్యవసరం వస్తే గుంపుల మధ్య ఎడాన్ని రోజుల నుంచి గంటలకు కుదించండి, కానీ వరుస మాత్రం మార్చొద్దు. 2014 సెప్టెంబర్‌లో బ్యాష్‌లో షెల్‌షాక్ లోపం వచ్చినప్పుడు మొదటి ప్యాచ్ అసంపూర్ణమని తేలి, కొద్ది రోజుల్లోనే మళ్లీ వేయాల్సి వచ్చింది. ఒకరాత్రంతా మేలుకుని నలభై సర్వర్లకూ చేతితో వేసిన మనిషికి రెండోసారి అదే పని చేసే ఓపిక ఉండదు. ప్లేబుక్ ఉంటే ఇంకోసారి నడిపితే చాలు.

మేనేజర్ గారితో వాదన పెట్టుకోకండి. ఆయన భయం న్యాయమైనదే, అందరి పనీ ఆగింది కదా. ఆయన దగ్గర్నుంచి మీకు కావాల్సింది ఒక్కటే: నెలకోసారి, ముందే అందరికీ తెలిసిన ఒక వేళ. ఆ రెండు గంటల్లో డేటాబేస్‌లు, ఫైర్‌వాళ్లు రీస్టార్ట్ అవుతాయని అందరికీ చెప్పి ఉంటుంది. ఆ నెలలో ఏవి మారాయి, ఏవి మిగిలాయి, ఏవి రీబూట్ కోసం ఆగి ఉన్నాయి అని ఒక పేజీ ఆయనకు పంపండి. రెండు మూడు నెలలు ఏ గొడవా లేకుండా గడిస్తే ఆయనే అడగడం మానేస్తారు.

చివరగా ఆ మూడు సెంటాస్ 7 మెషీన్లు. వీటికి పైన చెప్పినదేదీ వర్తించదు. సెంటాస్ 7కు 2024 జూన్ 30తో సపోర్ట్ ముగిసింది, ప్యాకేజీలను పాతవి దాచే వాల్ట్‌కు మార్చారు. ఇప్పుడు అక్కడి ప్యాకేజీల టూల్ యమ్‌తో అప్‌డేట్ ఇచ్చి అప్‌డేట్లేమీ లేవని వచ్చినా అది శుభవార్త కాదు, ఇక రావని అర్థం. వీటిని వెంటనే ఇంటర్నెట్‌కు నేరుగా కనబడకుండా చేసి, అవసరమైన పోర్టులు తప్ప అన్నీ మూసేయండి. తర్వాత రాకీ 9 మీద కొత్త మెషీన్ కట్టి అప్లికేషన్‌ను అక్కడికి తరలించండి. ఉన్నచోటే అప్‌గ్రేడ్ చేసే ఎలివేట్ లాంటి టూల్స్ ఉన్నాయి కానీ, మూడే మెషీన్లు కాబట్టి కొత్తగా కట్టుకోవడమే మేలని నా అభిప్రాయం. వాటిలో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉంటే ఒక హెచ్చరిక. సెంటాస్ 7లోని జీలిబ్‌సీ (సీ లైబ్రరీ) వెర్షన్ 2.17. 2.28 నుంచి అక్షరాలను వరసపెట్టే పద్ధతి మారింది. డేటా డైరెక్టరీని ఉన్నదున్నట్టు కాపీ చేసి, అదే పోస్ట్‌గ్రెస్ వెర్షన్‌తో కొత్త మెషీన్‌లో లేపితే సర్వర్ లేస్తుంది, క్వెరీలూ నడుస్తాయి, కానీ టెక్స్ట్ కాలమ్‌ల మీది ఇండెక్స్‌లు తప్పుగా ఉండి, ఉన్న వరుసలే లేవని చెప్పొచ్చు. డంప్ తీసి రీస్టోర్ చేయండి, లేదా కాపీ చేశాక జనాన్ని లోపలికి రానిచ్చే ముందే రీఇండెక్స్ చేయండి. మూడింట్లో ఏదైనా డేటాబేస్ మెషీన్ అయితే తరలింపు దాంతోనే మొదలుపెట్టండి, ఎక్కువ పరీక్ష కావాల్సింది దానికే.